గుట్టు మనిషిది, లెక్క అందరిది

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను వేరే పని మీద నిలబెట్టారు. కిందటి నెల సమావేశంలో ఒక సభ్యురాలు లేచి ఒక ప్రశ్న అడిగారు. "ప్రభుత్వం అడిగితే మన ఫోను సంగతులు కంపెనీలు ఇచ్చేస్తాయా? ఇస్తే మనకు చెబుతాయా?" అని. అందరం నవ్వేశాం. "మన మాటలు ఎవరికి కావాలమ్మా, మోకాళ్ల నొప్పుల గురించేగా" అని ఎవరో అన్నారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి వెళ్లాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ముందు చెప్పి, తర్వాత ఆమె ప్రశ్నకు వస్తాను.

మీలో సగం మంది ఎక్స్ఛేంజీలో పనిచేసినవారే. ఎం.డి.ఎఫ్. అంటే ఏమిటో, జంపరు వైరు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. 1980ల మొదట్లో నేనొక ఊళ్లో పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను. ఒక రోజు మూసిన కవరు వచ్చింది. మా పై అధికారి నన్ను ఒంటరిగా పిలిచి, ఫలానా నంబరు లైను నుంచి మరో జతకు జంపరు లాగమన్నారు. ఆ జత ఎక్కడికి పోతుందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రిజిస్టరులో రాయవద్దన్నారు. పది నిమిషాల పని. చేశాను.

ఆ నంబరు నాకు తెలిసిన ఒక లెక్చరరు గారిది. సాయంత్రాలు ఇద్దరం కలిసి నడిచేవాళ్లం. ఆయన చేసిన నేరమేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. కొన్నాళ్లకు ఆయనే నన్ను అడిగారు: "ఏమండీ, నా ఫోనులో ఏదో మోత వస్తోంది, మాటలు సన్నగా వినపడుతున్నాయి. ఎవరైనా వింటున్నారంటారా?" నేనేం చెప్పానో తెలుసా? "వర్షానికి కేబులు తడిసిందండీ, ఆరితే పోతుంది" అన్నాను.

ఆయనకు అనుమానం పోలేదు. ఫోనెత్తడం మానేశారు. ఇంటికి వచ్చినవాళ్లతో కూడా గుసగుసగా మాట్లాడేవారు. ఇంట్లోవాళ్లు ఆయనకు మతి చలించిందనుకున్నారు, డాక్టరు దగ్గరకు కూడా తీసుకెళ్లారు. నేను చూస్తూ ఊరుకున్నాను. గోప్యత పాటిస్తానని సంతకం పెట్టినవాణ్ణి, పిల్లలున్నవాణ్ణి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నిరుడు ఆ ఊరు వెళ్లినప్పుడు వారి శ్రీమతిని కలిసి విషయం చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు ఒక్క మాట అన్నారు: "ఆయనకు పిచ్చి అని నేను కూడా అన్నానండీ."

మిత్రులారా, నా దగ్గర ఆ మాటకు జవాబు లేదు. కానీ ఆ రోజు నుంచి ఒక విషయం ఆలోచిస్తున్నాను. నేను ఆ మనిషి పేరు బయటపెట్టకపోవడం చట్టం. సరే. అయితే ఆ ఏడాది రాష్ట్రంలో ఇన్ని ఫోన్లు విన్నాం అని ఒక అంకె ప్రకటించి ఉంటే ఎవరి కొంప మునిగేది? అలాంటి పనులు జరుగుతాయని లోకానికి తెలిసుంటే, ఆయన అనుమానాన్ని ఎవరూ పిచ్చి అని ఉండేవారు కాదు. గుట్టు మనిషి పేరుకు ఉండాలి. లెక్కకు గుట్టు ఎందుకు?

ఈ ప్రశ్న వేసింది నేనొక్కణ్ణే కాదు. ఇది అమెరికాలో పెద్ద పోరాటమే అయింది. మన పిల్లల ఉత్తరాలు, ఫొటోలు ఇప్పుడు అక్కడి కంపెనీల చేతుల మీదుగానే వస్తున్నాయి గనుక ఆ కథ మనకూ అవసరమే.

2010లో గూగుల్ కంపెనీ ఒక కొత్త పని మొదలుపెట్టింది. ఏ దేశ ప్రభుత్వం ఎన్నిసార్లు తమను వినియోగదారుల వివరాలు అడిగింది అన్న లెక్క ప్రచురించింది. దీన్ని పారదర్శకత నివేదిక అంటున్నారు. మన దేశం నుంచి వచ్చిన అభ్యర్థనల లెక్క కూడా అందులో ఉంటుంది. తర్వాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి.

కానీ అవి మామూలు పోలీసు కేసుల లెక్కలు. దేశ భద్రత పేరుతో వచ్చే రహస్య ఉత్తర్వుల సంగతి వేరు. అవి వచ్చాయని చెప్పడం కూడా నేరమే. 2004లో న్యూయార్కులో నికోలస్ మెరిల్ అనే చిన్న ఇంటర్నెట్ వ్యాపారికి అలాంటి లేఖ ఒకటి వచ్చింది. తన ఖాతాదారు వివరాలు ఇవ్వాలి, ఎవరికీ చెప్పకూడదు. ఆయన కోర్టుకెక్కాడు, అదీ సొంత పేరుతో కాదు. 2010 వరకు ఆ కేసు వేసింది తానేనని చెప్పుకోలేకపోయాడు. నోటికి వేసిన తాళం పూర్తిగా ఊడింది 2015లో. పదకొండేళ్లు! ఆయన కథ చదివినప్పుడు నా జంపరు వైరు గుర్తొచ్చింది. ఆయనకూ నాకూ తేడా ఒక్కటే. ఆయన కోర్టుకు వెళ్లాడు, నేను కేబులు తడిసిందన్నాను.

యాహూ కంపెనీ కూడా 2008లో రహస్య కోర్టులో పోరాడి ఓడిపోయింది. మాట వినకపోతే రోజుకు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేయాలని ప్రభుత్వం ఆ కోర్టును అడిగింది. ఈ సంగతి లోకానికి తెలిసింది 2014లో.

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ రహస్య పత్రాలు బయటపెట్టాక, కంపెనీలన్నీ ప్రభుత్వానికి మన ఇళ్ల తాళంచెవులు ఇచ్చేశాయని జనం అనుకున్నారు. అప్పుడు గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ, ఫేస్‌బుక్ వంటి కంపెనీలు "మాకు నిజంగా ఎన్ని ఉత్తర్వులు వచ్చాయో చెప్పనివ్వండి" అని రహస్య కోర్టును ఆశ్రయించాయి. 2014 జనవరిలో రాజీ కుదిరింది. అసలు అంకె చెప్పకూడదు, "0 నుంచి 999 లోపు" అని చెప్పవచ్చు. ఒక్కటీ రాకపోయినా 0 నుంచి 999 అనే చెప్పాలి! మన పెన్షను ఆఫీసు వారు "మీ బకాయి సున్నా నుంచి 999 రూపాయల మధ్య ఉన్నది" అని ఉత్తరం రాస్తే మనం ఊరుకుంటామా? 2015లో చట్టం చేసి ఈ అంతరాలను కొంత తగ్గించారు. అసలు అంకె చెప్పుకుంటానని ట్విట్టర్ 2014లో వేసిన దావా 2023లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. 2024 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు కూడా దాన్ని విచారణకు తీసుకోలేదు.

లెక్క చెబితే నేరస్థులు జాగ్రత్తపడతారని కొందరంటారు. కొట్టిపారేయదగిన మాట కాదు. అయితే అదే అమెరికాలో, మామూలు నేరాల కేసుల్లో కోర్టు అనుమతితో ఫోన్లు వినే ఉత్తర్వుల లెక్కను 1968 నాటి చట్టం ప్రకారం ఏటా ప్రచురిస్తున్నారు. అర్ధ శతాబ్దం దాటింది. దానివల్ల అక్కడి పోలీసులు దొంగల్ని పట్టుకోవడం మానలేదు.

ఇక మన ఇంటికి వద్దాం. 2014 జూన్‌లో వొడాఫోన్ కంపెనీ తాను పనిచేసే 29 దేశాల నివేదిక ఇచ్చింది. భారతదేశం దగ్గరకు వచ్చేసరికి, ఫోన్లు వినే ఉత్తర్వుల అంకె చెప్పడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదని రాసింది. కొన్ని దేశాల్లో ప్రభుత్వాలు కంపెనీని అడగకుండానే నేరుగా లైనులోకి వస్తున్నాయని కూడా చెప్పింది. అలాంటి చోట కంపెనీ దగ్గర లెక్క ఉండే అవకాశమే లేదు. గుమ్మం దగ్గర కూర్చున్నవాడు గుమ్మంలోంచి వచ్చినవాళ్లనే లెక్కపెట్టగలడు, గోడ దూకినవాళ్లను కాదు. అందుకే కంపెనీ లెక్క ఒక్కటే చాలదు, ప్రభుత్వం లెక్క కూడా కావాలి.

మన దగ్గర నియమాలు లేవని కాదు. పి.యు.సి.ఎల్. సంస్థ వేసిన కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు, జస్టిస్ కుల్‌దీప్ సింగ్ గారి ధర్మాసనం, గొప్ప తీర్పు ఇచ్చింది. ఫోను వినాలంటే హోం కార్యదర్శి స్థాయి వారి ఉత్తర్వు ఉండాలి. అది రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు. సమీక్షా సంఘం దాన్ని పరిశీలించాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం, 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. ఏటా ఇన్ని ఉత్తర్వులిచ్చామని ప్రజలకు చెప్పే బాధ్యత మాత్రం వాటిలో ఎవరి మీదా పెట్టలేదు. 2021 నిబంధనల కింద పెద్ద సామాజిక మాధ్యమాల కంపెనీలు నెలనెలా నివేదికలిస్తున్నాయి. అవి ఫిర్యాదుల గురించి, తీసేసిన రాతల గురించి. నిఘా గురించి కాదు.

మరి సమీక్ష ఎలా జరుగుతోంది? 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ నివేదికలో ఒక అంకె ఉంది. రెండు నెలలకోసారి కూర్చునే సమీక్షా సంఘం ముందుకు ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు వస్తాయట. నేను కాగితం మీద లెక్క వేశాను. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చున్నా ఒక్కో దానికి రెండు సెకన్లు కూడా రావు. మనం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు గుమాస్తా మన ముఖం చూడడానికే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఇంకో కేసు వినండి. 2005లో ఢిల్లీలో ఒక ప్రైవేటు టెలిఫోను కంపెనీకి అమర్ సింగ్ అనే నాయకుడి ఫోను వినమని ఉత్తర్వు వచ్చింది. కంపెనీ విన్నది. తీరా చూస్తే ఆ ఉత్తర్వు దొంగది! స్పెల్లింగు తప్పులు, వ్యాకరణం తప్పులు బోలెడు. అసలు ఉత్తర్వో కాదో చూసుకోవద్దా అని 2011లో సుప్రీంకోర్టు ఆ కంపెనీని తప్పుపట్టింది. నాకు వచ్చిన కవరులో ఏముందో నేనూ చూడలేదు. అది అసలుదే అని ఈ రోజు ప్రమాణం చేసి చెప్పలేను. 2024లో హైదరాబాదులో ఫోన్ల ట్యాపింగు కేసు బయటికొచ్చి పోలీసు అధికారులు అరెస్టయినప్పుడు మీరంతా పేపర్లో చదివారు. తప్పొప్పులు కోర్టులు తేలుస్తాయి. ఏటా లెక్క చెప్పే అలవాటు ఉంటే, అంకె ఒక్కసారిగా పెరిగిన ఏడాదే ఎవరో ఒకరు ఎందుకని అడిగి ఉండేవారు కదా?

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు జవాబు. అమ్మా, చట్టప్రకారం అడిగితే కంపెనీలు ఇవ్వక తప్పదు. మీకు చెబుతాయా అంటే, మన దేశంలో ఫోను వినే ఉత్తర్వు విషయంలో చెప్పవు, చెప్పకూడదు. కానీ "ఈ ఏడాది మొత్తం ఎన్ని?" అని అడిగే హక్కు మనకు ఉండాలి. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చిచెప్పారు. హక్కుకు ఎన్నిసార్లు గండి పడిందో తెలియకపోతే దాన్ని కాపాడుకునేదెట్లా?

కాబట్టి సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. కేంద్రం, రాష్ట్రాలు ఏటా ఎన్ని ఉత్తర్వులు ఇచ్చాయో, సమీక్షలో ఎన్ని రద్దయ్యాయో ప్రకటించాలి. తమకు వచ్చిన ఉత్తర్వుల సంఖ్య చెప్పుకునేందుకు కంపెనీలకు అనుమతి ఇవ్వాలి. పేర్లు వద్దు, నంబర్లు వద్దు, మొత్తం చాలు. మన పార్లమెంటు సభ్యుడికి సంఘం తరపున ఉత్తరం రాద్దాం. రహస్యం మోసినవాళ్లం మనం. మనం అడిగితే దానికొక విలువ ఉంటుంది.

నా వల్ల ఒక మంచి మనిషి పిచ్చివాడనిపించుకున్నాడు. ఆ మచ్చ ఈ తీర్మానంతో పోదు. ఇలాంటి మాట ఇంకో ఇంట్లో వినపడకుండా ఉంటే చాలు.