దాహం వేసేదాకా ఆగొద్దు: షుగర్ టెస్ట్ ఎవరికి, ఎప్పుడు?

"నాకింకా 28 ఏళ్లే కదా, షుగర్ టెస్ట్ ఎందుకు?" అనుకునేవాళ్లు ఈ ఎపిసోడ్ తప్పకుండా వినండి.

అతిగా దాహం వేయాలి, మాటిమాటికీ యూరిన్‌కి వెళ్లాలి, అప్పుడే షుగర్ అని చాలామంది అనుకుంటారు. కానీ టైప్ 2 డయాబెటిస్ ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చు. ఆ లోపే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం మొదలవుతుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ స్టడీ అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర, అంటే ప్రీడయాబెటిస్‌లో ఉన్నారు.

మరి మీ సంగతేంటి? చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు ఒక రిస్క్ స్కోర్ తయారుచేశారు. అందులో చూసేవి నాలుగే: వయసు, నడుము కొలత, శారీరక శ్రమ, తల్లిదండ్రులకు షుగర్ ఉందా లేదా. 100కి 60 వచ్చిందంటే రిస్క్ ఎక్కువ. 28 ఏళ్ల అబ్బాయినే తీసుకోండి. వయసుకి సున్నా. అమ్మానాన్న ఇద్దరికీ షుగర్ ఉంటే 20. రోజంతా కుర్చీలోనే, వ్యాయామం లేదు అంటే 30. నడుము 92 సెంటీమీటర్లు ఉంటే 10. మొత్తం 60! వయసు కాపాడలేదు, చూశారా?

ఇలాంటివాళ్లు, పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలు వయసుతో పని లేకుండా టెస్ట్ చేయించుకోవాలి. 30 దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. పరగడుపున 100 లోపు ఉంటే నార్మల్. 100 నుంచి 125 అయితే ప్రీడయాబెటిస్. 126, ఆపైన వస్తే డయాబెటిస్. కానీ లక్షణాలు లేనప్పుడు ఒక్క రిపోర్ట్ చూసి కంగారుపడొద్దు, ఇంకోసారి చేయించి ఖాయం చేసుకోవాలి.

ఇక ట్రీట్‌మెంట్. ఇది అందరికీ ఒకటే కాదు.

ప్రీడయాబెటిస్‌లో అసలు మందు నడక, తిండిలో మార్పు, బరువు తగ్గడం. మన దేశంలోనే చేసి 2006లో ప్రచురించిన స్టడీలో, ఈ మార్పులతో డయాబెటిస్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది.

గర్భిణులకి మొదటి చెకప్‌లోనే టెస్ట్ చేయాలి. నార్మల్ వస్తే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తర్వాత 140 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే గర్భధారణ షుగర్ అంటారు. ముందు ఆహార నియమాలు, సరిపోకపోతే మందులు. కాన్పు అయ్యాక తగ్గిపోయిందని వదిలేయొద్దు, ఆరు వారాలకి మళ్లీ టెస్ట్ చేయించాలి. తర్వాత రోజుల్లో టైప్ 2 వచ్చే ముప్పు వాళ్లకి ఎక్కువ.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 వేరు. కొద్ది వారాల్లోనే బరువు తగ్గిపోతారు, విపరీతమైన దాహం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. అలా కనిపిస్తే అదే రోజు టెస్ట్ చేయించండి. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వదు కాబట్టి ఇన్సులినే ప్రాణం. "ఈ ఆకు రసంతో ఇంజెక్షన్ మానేయొచ్చు" అనే వీడియో మీ ఫోన్‌కి వస్తే దయచేసి ఫార్వర్డ్ చేయకండి. ఇన్సులిన్ ఆపితే కొన్ని రోజుల్లోనే ప్రాణం మీదకి వస్తుంది.

పెద్దవాళ్ల విషయంలో భయం ఇంకోటి. షుగర్ మరీ పడిపోతే కళ్లు తిరిగి పడిపోతారు, ఎముకలు విరుగుతాయి. అందుకే డాక్టర్లు వాళ్లకి టార్గెట్ కాస్త సడలిస్తారు. మీ నంబర్‌తో తాతయ్య నంబర్‌ని పోల్చొద్దు.

ఈ వారంలో ఒక పొద్దున టిఫిన్‌కి ముందు వెళ్లి టెస్ట్ చేయించుకోండి, అమ్మానాన్నల్నీ తీసుకెళ్లండి. రిపోర్ట్ ఫోటో ఫోన్‌లో దాచుకోండి. నార్మల్ అయితే మూడేళ్లకోసారి, ప్రీడయాబెటిస్ అయితే ఏటా మళ్లీ చూసుకోవాలి. మీ డౌట్స్ కామెంట్స్‌లో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.