డెంగీ జ్వరము: వయోభేదము

డెంగీ జ్వరము పగటివేళ కుట్టు ఈడిస్ దోమవలన వచ్చును. వ్యాధి యొకటియే యైనను, విషమించు తీరు వయస్సునుబట్టి మారును.

1954లో మనీలాలోను, 1958లో బ్యాంకాకులోను ఈ విషమరూపము మిక్కిలిగా బిడ్డలనే పీడించినది. పిల్లల లేత రక్తనాళములనుండి ద్రవము సులువుగా బయటికి స్రవించును. నాడి క్షీణించి కాలుసేతులు చల్లబడును. పెద్దలలో రక్తస్రావము, కాలేయాదుల చేటు హెచ్చు. మధుమేహమున్నచో ముప్పు మరింత. కౌమారమందున్నవారు ఈ రెంటికి నడిమివారు: బిడ్డలవలె నాడి జారవచ్చును, కన్నెలకు ఋతుస్రావము మితిమీరవచ్చును.

అన్ని వయస్సులవారికిని గండము సామాన్యముగా 3వ దినము మొదలు 7వ దినములోపల, జ్వరము విడిచినప్పుడే. పథ్యము పెట్టి నిశ్చింతగా నుండరాదు. కడుపునొప్పి, ఎడతెగని వాంతి, చిగుళ్లనుండి నెత్తురు, మగత, వీనిలో నేది కనబడినను తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.