సబ్బులో రంగుల మెలికలు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పాత బౌండు పుస్తకములను తెరచినపుడు అట్ట లోపలి కాగితముపై రంగులు నెమలిపింఛమువలె మెలికలు తిరిగియుండుట మీలో పలువురు చూచియే యుందురు. నీటిపై రంగులు తేల్చి, దువ్వెనతో గీసి, పైన కాగితము పరచి ఆ అచ్చు తీయుదురు. 17వ శతాబ్దమున బిజాపురమున ఈ విద్యతో చిత్రములనే రచించిరి. ఇంట చేసికొను సబ్బులో మెలికలు దిద్దుటయు దీనికి చుట్టమే. అయితే కాగితమునకు లేని చిక్కు సబ్బునకు కలదు. ఇచట రంగు క్షారమునబడి బ్రతుకవలెను. అంతటితోనూ తీరదు. సబ్బు ఆరువరకు వెలుతురును కూడ తట్టుకొనవలెను.

ముందుగా పాకము. ప్రొద్దుటూరు బజారున దొరకు వేరుశనగనూనె 600 గ్రాములు, కొబ్బరినూనె 300, ఆముదము 100. వీనికి కాస్టిక్ సోడా 142 గ్రాములు, నీరు 330 గ్రాములు. అన్నియు త్రాసున తూచవలెను, గిన్నెలతో కొలువరాదు. సోడాను కొంచెము కొంచెముగా నీటిలో వేయవలెను గాని సోడాపై నీరు పోయరాదు. పోసినచో ఉడుకెత్తి ముఖమున చిందును. అల్యూమినియము పాత్రను సోడా తినివేయును. స్టీలు పాత్ర కావలెను. కంటికి అద్దములు, చేతికి రబ్బరు తొడుగులు తప్పవు. పసిపిల్లలున్న ఇంట వారు నిద్రించు వేళ కూడ నమ్మదగినది కాదు. తలుపు గడియ వేసికొనుడు. తక్కిన ప్రసంగమును మరచినను ఈ నాలుగు మాటలు మరువకుడు.

సోడానీరు గోరువెచ్చనైన పిమ్మట నూనెలో పోసి కలుపుచుండగా మిశ్రమము చిక్కబడును. గరిటెనుండి జారిన ధార పైన గీతవలె ఒక్క క్షణము నిలిచినచో అదియే అదను. అప్పుడు రెండు పాళ్లు చేసి, ఒకదానిలో రంగు కలిపి, కాగితము పరచిన చెక్కపెట్టెలో మార్చి మార్చి పోయవలెను. జమ్మలమడుగు దాటి గండికోట అంచున నిలిచినవారు పెన్న కోసిన ఎర్రరాతి పొరలను చూచియుందురు. కదలింపక విడిచినచో సబ్బును అట్లే పొరలుగా నుండును. సన్నపుల్లను అడుగంట దింపి మెలికలముగ్గు వేసినట్లు ఒక్కసారి నడిపినచో తీగలు సాగును. రెండవసారి నడిపినచో బురదయగును. ఈ పనికి వేరుశనగనూనె అనుకూలము. త్వరగా బిగియక చేతికి వ్యవధి నిచ్చును. వాసనకని లవంగతైలము వేసితిరా, పుల్ల తీయకముందే గట్టిపడును.

ఇక రంగులు. పసుపునకు సున్నము తగిలిన పారాణి యగునని మన స్త్రీలకు చెప్పనక్కరలేదు. సోడాలోను అంతే, ముందు ఎర్రనై, పిదప నారింజవన్నెకు దిగి, వెలుతురున మెల్లగా వెలిసిపోవును. మందారపు ఎరుపునకు నేను మిక్కిలి ఆశపడితిని. తెల్లవారునప్పటికి అది మట్టిరంగైనది! నీలి మాత్రము క్షారమున చెదరలేదు.

ఆ నీలి మనకు క్రొత్తది కాదు. 19వ శతాబ్దమున కడప మండలము నీలిసేద్యమునకు పేరొందినది. మొక్కను తొట్లలో నానవైచి, ఆ నీటిని చిలికి, అడుగున తేరిన ముద్దను బిళ్లలుగా కోసి ఆరబెట్టెడివారు. 1897లో జర్మనీ కృత్రిమ నీలి బజారున దిగిన తరువాత ఆ సేద్యము క్షీణించెను. సబ్బునకు కావలసినది అట్లు తీసిన నీలిముద్దయే. తలకు పూయు ఆకుపొడి కాదు, బట్టల తెలుపునకు వాడు సీసానీలమును కాదు. అరకిలో మిశ్రమమునకు పావుచెంచా చాలును. మించినచో నురుగే నీలమగును. ఎరుపునకు మేని సామగ్రికై శుద్ధిచేసిన ఇనుపకావి నిలుచును.

తెలుపు విషయమున ఒక హెచ్చరిక. పులివెందుల ప్రాంతమున ముగ్గురాయి, రాతినార గనులు రెండును నడచినవి. ఊరక దొరకినదని గనుల చెంతనున్న తెల్లపొడిని జల్లెడపట్టి సబ్బులో కలుపరాదు. రాతినార ధూళి ఊపిరితిత్తులలో చేరినచో తిరిగి వెడలదు. ఏండ్లు గడచిన పిమ్మట ప్రాణము మీదికి తెచ్చును. తెలుపునకు అసలు ఏ పొడియు అవసరము లేదు. రంగు కలుపని పాలు ఆరినకొలది తానే తెల్లనగును.

కోసిన దినమున మెలికలు మిక్కిలి అందముగా నుండును. ఆ దినముననే అమ్ముటకు మనసు పుట్టును. అది కూడదు. నాలుగు నుండి ఆరు వారములు నీడలో, గాలి తగులునట్లు ఆరబెట్టినగాని సబ్బు ఒంటికి మెత్తబడదు.

పఠనమందిరపు బల్లపై నాలుగు బిళ్లలుంచినాను: పసుపు, మందారము, నీలి, కావి. అన్నియు ఆరు వారముల క్రిందట ఒకే దినమున పోసినవి. పసుపు బిళ్లకు సగము కాగితము చుట్టి కిటికీలో ఉంచితిని. కాగితము విప్పి రెండు సగములను ప్రక్కప్రక్కన చూడుడు.