కుటుంబ వైద్యుని తొలి సంవత్సరములు



వైద్యవిద్యకు 4½ సంవత్సరములు, ఇంటర్న్‌షిప్‌నకు ఒకటి. కుటుంబ వైద్యమున డి.ఎన్.బి. చేయువారికి మరి మూడు. ఇంత చదివి మన బరంపురములో బోర్డు కట్టిన పిమ్మటనే మాకు అసలు చదువు మొదలయినది.

‘కడుపులో దేవుచున్నది’ అని అవ్వ తెలుగులో చెప్పును. మనుమడు దానిని ఒడియాలో ‘నొప్పి’ అని మార్చును. రెండింటికి మందు వేరు! కావున మొదట వినుట నేర్చితిమి. రెండు వారములు దాటిన దగ్గుకు మందులు మార్చుట కాదు, క్షయ ఉన్నదేమో కళ్లె పరీక్ష చేయించవలెను. గుండెనొప్పి అనుమానమైనచో వెంటనే పెద్దాసుపత్రికి పంపవలెను.

అట్లు పంపిన చిన్న వైద్యుని చేతగానివాడనకుడు. నయమైనను, కాకున్నను వచ్చి చెప్పుడు. ఆ కబురే మాకు పాఠము. తొలి సంవత్సరములలో ఆదరణ లేక ఊరు విడిచిన వైద్యుడు తిరిగి వచ్చుట అరుదు. ఈ ఉగాదినుండి ప్రతి ఇంటికి ఒక వైద్యుడు ఉండుగాక!