పత్రాలను అమ్మడమా, పత్రాలతో అమ్మడమా?

ఈ ఉపన్యాసానికి పిలవగానే ఒప్పుకున్నాను. గౌరవమే కాదు, పాత లెక్క ఒకటి తేల్చుకునే వీలు కూడా దొరికింది. మాకు వాణిజ్య చట్టం చెప్పిన మాస్టారి గొప్పతనం గురించి నా ముందు మాట్లాడినవారు చెప్పారు, నేను కలిపేదేమీ లేదు. నాకు బాగా గుర్తున్నవి రెండు. ఏ కాలమైనా క్లాసుకి గొడుగు తెచ్చేవారు, వెళ్ళేటప్పుడు మరిచిపోయేవారు. దాన్ని ఇంటికి చేర్చే పని నాది. రెండోది, వాణిజ్య చట్టం పేపర్లో సి.ఐ.ఎఫ్. ప్రశ్నకి నాకు ఇరవైకి ఏడు వేశారు. పక్కన ఎర్రసిరాతో ‘ఇది పత్రాల విక్రయం అని రాయలేదేం?’ అని అడిగారు. మరిచిపోయి రాయకపోలేదు, ఒప్పుకోక రాయలేదు. ఆ మాట ఆయనతో అనే ధైర్యం చాలక, ఆ రోజు గొడుగు గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

సి.ఐ.ఎఫ్. అంటే ఏమిటో విశాఖ, కాకినాడ రేవుల్లో పనిచేసే మీకు నేను చెప్పక్కర్లేదు. సరుకు ధర, బీమా, ఓడ కిరాయి కలిపి ఒకటే రేటు. ఇన్వాయిస్, బీమా పాలసీ, బి.ఎల్. (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడెక్కిందని ఇచ్చే పత్రం) సక్రమంగా వచ్చాయా, కొన్నవాడు డబ్బు కట్టాలి. ‘ముందు సరుకు చూస్తాను’ అంటే కుదరదని 1911లోనే హాప్స్ కేసులో (బీరులో వేసే పూల గొడవ అది) తేలిపోయింది. సరుకు ఓడెక్కినప్పటి నుంచి దారిలో ఏమైనా రిస్కు కొన్నవాడిదే. ఒకప్పుడు ఓడ అంచు దాటితే చాలనేవారు. 2010 ఇన్‌కోటెర్మ్స్ నియమాలు వచ్చాక ఓడ మీద దించాలంటున్నారు. ఇవన్నీ ఏ గైడులోనైనా దొరుకుతాయి.

గైడులో తప్పుగా దొరికేది ఒకటుంది, నా తగాదా దానితో. సి.ఐ.ఎఫ్. అమ్మకం సరుకుల అమ్మకం కాదు, సరుకులకు సంబంధించిన పత్రాల అమ్మకం అని 1915లో జస్టిస్ స్క్రటన్ అన్నారు. చైనా చిక్కుళ్ళు జర్మన్ ఓడలో ఎక్కాక మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడిన కేసు అది. మాస్టారు మా చేత రాయించిన వాక్యం ఇదే. అదే కేసు మరుసటి ఏడు అప్పీలుకు వెళితే ఫలితం మారలేదు గాని, బ్యాంక్స్, వారింగ్టన్ అనే ఇద్దరు జడ్జీలు ఆ వాక్యాన్ని ఒప్పుకోలేదు. ఇది సరుకుల అమ్మకమే, పత్రాలు అందించడం ద్వారా నెరవేరే అమ్మకం అన్నారు. కింది కోర్టు మాట నూరేళ్ళకు పైగా నోట్సుల్లో బతుకుతోంది, దాన్ని దిద్దిన పైకోర్టు మాట ఎవరికీ గుర్తులేదు.

తెలుగులో దీనికి ఇంత చర్చ అక్కర్లేదు. స్క్రటన్‌ది ద్వితీయా విభక్తి: పత్రాలను అమ్మడం. బ్యాంక్స్‌ది తృతీయ: పత్రాలతో అమ్మడం. మధ్యలో పడి నలిగేవాడు కొన్నవాడు.

మాస్టారి పక్షాన గట్టి కేసు లేకపోలేదు, 1919 నాటి మాన్‌బ్రే శాకరీన్. పిండి బస్తాలతో రెండు ఓడలు 1917 మార్చిలో మునిగాయి. మునిగాయని తెలిసి కూడా అమ్మినవాడు పత్రాలిచ్చి డబ్బు అడగవచ్చని జస్టిస్ మెకార్డీ చెప్పారు. ‘సరుకు సముద్రంలో, పత్రాలు చేతిలో. మరి అమ్మింది ఏమిటి?’ అని మాస్టారు బల్ల మీద కొట్టి అడిగేవారు. నా జవాబు: ఆ బస్తాలు నిజంగా ఓడెక్కాయి. ఎక్కాక మునిగిన రిస్కు కొన్నవాడిది, అందుకు బదులుగా బీమా, ఓడవాళ్ళ మీద దావా హక్కు అతనివి. ఇంకో ముక్క గైడుల్లో కనబడదు. ఆ కేసులో అమ్మినవాడు ఓడిపోయాడు. పాలసీ ఇవ్వాల్సిన చోట ఉత్తరం ఇచ్చాడు, బస్తాల బరువు కూడా ఒప్పందం ప్రకారం లేదు.

బస్తాలు అసలు ఓడే ఎక్కకపోతే? 1973లో హిండ్లీ కేసులో ఇదే వచ్చింది. సయాం జనపనార, బ్రెమెన్‌కి. బి.ఎల్. చూడటానికి చక్కగా ఉంది, జనపనార మాత్రం ఎక్కనే లేదు. అమ్మినవాడికి ఆ సంగతి తెలియదు, తనూ ఇంకొకరి దగ్గర కొన్నవాడే. అయినా జస్టిస్ కెర్ అతన్నే బాధ్యుణ్ణి చేశారు. అమ్మింది కాయితాలే అయితే కొన్నవాడికి కాయితాలు అందాయిగా, ఇక ఫిర్యాదు దేనికి? మాస్టారి వాక్యం దగ్గర దీనికి జవాబు లేదు.

1954లో జస్టిస్ డెవ్లిన్ ఇంకా స్పష్టంగా చెప్పారు. అద్దకంలో వాడే రసాయనం, హాంకాంగ్ వ్యాపారులు కొన్నారు. అక్టోబరు 31 లోగా ఎక్కాల్సింది నవంబరు 3న ఎక్కింది, బి.ఎల్. మీద తేదీ దిద్దారు. కొన్నవాడికి రెండు తిరస్కరణ హక్కులున్నాయి, ఒకటి పత్రాల మీద, ఒకటి సరుకు మీద, ఒకటి పోతే రెండోది పోదు అన్నారాయన. సరుకు అమ్మకంలో భాగం కాకపోతే రెండో హక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇక్కడ నన్ను ఇరుకున పెట్టాలంటే గిల్ అండ్ డఫస్ కేసు ఎత్తుతారు. ఎత్తండి. అర్జెంటీనా చిక్కుళ్ళు, లె హావ్ర్ రేవు, లార్డ్ డిప్లాక్ తీర్పు. సక్రమమైన పత్రాలను తిప్పికొట్టినవాడు, ఆ తర్వాత సరుకు ఒప్పందం ప్రకారం లేదని చెప్పి తప్పించుకోలేడన్నారు. ట్రైటెల్ అంతటి పండితుడు దీన్ని విమర్శించారు. నాకూ రుచించదు. కానీ డిప్లాక్ చెప్పింది వరస గురించి: ముందు డబ్బు, తర్వాత తగాదా. అమ్మిన వస్తువు ఏదన్నది అందులోంచి తేలదు.

స్క్రటన్ వాక్యానికి సరైన చోటు లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద చెల్లించే బ్యాంకు. ఆ క్రెడిట్ల నియమావళి యు.సి.పి. 600 అయిదో అధికరణం ప్రకారం బ్యాంకు చూసేది పత్రాలనే, సరుకును కాదు. కౌంటరు వెనక కూర్చున్న ఆఫీసరు గోదాముకి వెళ్ళి పెట్టెలు విప్పలేడు కదా. అయినా అక్కడ కూడా హద్దుంది. న్యూయార్క్ కోర్టు 1941లో చూసిన స్టైన్ కేసులో, లక్నో నుంచి కుంచెలకు వాడే బ్రిస్టిల్స్ అని చెప్పి 50 పెట్టెల నిండా ఆవు వెంట్రుకలు, చెత్త పంపారన్నది ఆరోపణ. అది నిజమైతే పత్రాలు ఎంత బాగున్నా బ్యాంకు చెల్లించకుండా ఆపవచ్చన్నారు. మన సుప్రీంకోర్టు 1987లో సింగ్ కన్సల్టెంట్స్ కేసులో ఆ దారినే నడిచింది.

ఇక నేనిప్పుడు చేస్తున్న పని. నిజానికి ఇంతసేపూ దాని చుట్టూనే తిరుగుతున్నాను. బి.ఎల్. మీద అచ్చయ్యే ఒక్కో మాటకీ కొన్నవాడి వైపు నుంచి తెలుగు చెప్పే పుస్తకం రాస్తున్నాను. ‘క్లీన్’ బి.ఎల్.ని శుభ్రమైన బి.ఎల్. అంటే ఉతికి ఆరేసినట్టుంటుంది, ‘రిమార్కు లేనిది’ అని రాశాను. ‘సెడ్ టు కంటెయిన్’ మూడు మాటలే. తెలుగులో అది ఇంత: ‘లోపల ఇవి ఉన్నాయని పంపినవాడు చెప్పాడు, మేం విప్పి చూడలేదు’. రంగూన్ మినుములు తెప్పించుకున్న ఒక వ్యాపారి ముక్కిపోయిన గుప్పెడు గింజలు నా బల్ల మీద పోసి, ‘కాయితాలన్నీ కరెక్టేనటండి, మినుములే కరెక్టు కాదు’ అన్నాడు. ఆయన బి.ఎల్. మీద ఆ మూడు మాటలు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. ఈ పుస్తకం ఆయన కోసం.

సంతకం గురించి ఒక అధ్యాయం మొత్తం రాయాల్సి వస్తోంది. 1851లో గ్రాంట్, నార్వే కేసులో, కలకత్తాలో ఎక్కని 12 బేళ్ళ పట్టుకు ఓడ కెప్టెను సంతకం పెట్టాడు. ఎక్కని సరుకుకు సంతకం చేసే అధికారం అతనికి లేదు కాబట్టి ఓడ యజమాని బాధ్యుడు కాడన్నారు. మన 1856 బి.ఎల్. చట్టం మూడో సెక్షను కొన్నవాడికి ఊరట ఇచ్చింది గాని, ఎక్కినట్టే లెక్క అన్నది సంతకం పెట్టినవాడి మీదే. యజమాని పేరు అందులో లేదు. ఇంగ్లండు 1992లో ఆ చిల్లు పూడ్చుకుంది. మనం 2025లో కొత్త చట్టం చేసుకుని పాత సారాన్నే ఉంచుకున్నాం. కెప్టెను మీద దావా వేసి ఏం రాబట్టగలం? అతని జీతమా?

ఆ అధ్యాయానికి పాత బి.ఎల్.లు కావాలి. మీ బీరువాల్లో, ఆఫీసు అటకల మీద ఉంటే జిరాక్సు ఇచ్చినా చాలు, వచ్చి తీసుకుంటాను. వెనక పేజీ కూడా తీయించండి. అందరూ ముందు పేజీ ఒక్కటే పంపుతున్నారు.