జమ్ముకు నిప్పు పెట్టే ముందు



ఎండాకాలంలో తుంగచాప పరచుకుని పడుకోవడం మనకెంతో హాయి. కాని అదే తుంగ, దాని పక్కన పెరిగే జమ్ము, కిక్కిస చెరువుగట్టున కనిపిస్తే “అబ్బ! పాములకూ దోమలకూ నెలవు” అంటాం. వాటిని తగలబెట్టించమని కాలనీలో నలుగురం కలిసి అర్జీ కూడా పెడతాం. ఇంతకూ ఆ మంటతో ఏమేం పోతాయో కాస్త ఆలోచిద్దాం.

మనకది పిచ్చిగడ్డి, పక్షులకు కాపురమున్న ఇల్లు. నీలిరంగు నీటికోడి వుంది కదా, ఆ దుబ్బుల మధ్యే గూడు కట్టి వానాకాలంలో గుడ్లు పెడుతుంది. లేత మొవ్వులే దానికి తిండి. గద్దల కంట పడకుండా పిల్లల్ని దాచేదీ అక్కడే. జమ్ము ఎండి మండేది వేసవిలో. అప్పుడు గట్టు పొడుగునా కాల్చేస్తే, తొలకరి నాటికి ఆ తల్లికి చాటే వుండదు. పెద్ద పక్షులు ఎగిరిపోతాయి సరే, తాబేళ్ళూ కప్పలూ ఎక్కడికి పోతాయి?

అలాగని నిప్పు ఎప్పుడూ చెరుపే చేస్తుందనుకోకూడదు. అమెరికాలో లూసియానా సముద్రతీరపు చిత్తడి నేలల్ని కావాలనే కాలుస్తారు. జాన్ లించ్ అనే ఆయన 1941లోనే దీన్ని గురించి వివరంగా రాశారు. నేలమీద నీరు నిలిచివుండగా కాలిస్తే పైగడ్డి మాత్రమే పోతుంది, వేళ్ళు బతుకుతాయి. కొత్త చిగుళ్ళకోసం తెల్లని మంచుబాతులు గుంపులుగా దిగుతాయి. నీరింకిన తర్వాత కాలిస్తే వేళ్ళు మాడిపోతాయి. మరీ ఎండితే, ఏళ్ళ తరబడి కుళ్ళిన వేళ్ళతో ఏర్పడిన నేలే రగిలి గుంటలు పడుతుంది. అక్కడ వసంతకాలంలో గడ్డిచాటున నేలమీదే గుడ్లు పెట్టే బాతులున్నాయి. కాల్చడమేదో అంతకుముందే ముగించాలి. కాబట్టి నిప్పు ఒకటే అయినా, అదనూ, నీటిమట్టమూ చూసుకోవాలి.

ఇక మన దోమల సంగతి. దోమపిల్లలు పెరిగేది నిలవనీటిలో. పైన ఆకులు కాలినంత మాత్రాన అవి చావవు. జమ్ముకు బురదలో దుంపలుంటాయి. నాలుగు వారాలు తిరక్కుండానే మళ్ళీ మొలుస్తుంది. పైగా జమ్మును బలిపించేదీ, దోమల్ని పెంచేదీ మన ఇళ్ళనుంచి చెరువులోకి పోయే మురుగే! ముందు దాన్ని ఆపించాలి.

జమ్ము మరీ కమ్ముకుంటే ఏడాదికొక పక్క చొప్పున కోయించవచ్చు. మొదలు నీటిలో మునిగేలా కోస్తే దుంపకు గాలి అందక కుళ్ళిపోతుంది. పొగ లేదు, బూడిద లేదు. రెండోపక్క పక్షులకు మిగులుతుంది.

హైదరాబాదు పక్కనున్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అంటే వూరి మధ్య చెరువుకు కూడా అంత విలువ వుందన్నమాట. ఈసారి అర్జీ పెట్టేటప్పుడు “తగలబెట్టించండి” అని కాక, “మురుగు ఆపించండి, సగం కోయించండి” అని రాద్దాం. సంతకాలు చేసేది మనమే కదా!