పాలు అడగని బేరగాడు

(సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించో, పచ్చిగడ్డి గురించో చెబుతామని మీరు అనుకొని ఉంటారు. ఈ రోజు వాటిని పక్కన పెట్టి బర్రెల అమ్మకం గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో మన సభ్యులు కొందరు ఇప్పుడు బర్రెను సంతకు తోలకుండా ఫోటో తీసి ఫోనులో అమ్మకానికి పెడుతున్నారు. పెట్టవద్దని మేము అనము. బండి కిరాయి మిగులుతుంది, నలుగురు పోటీపడితే ధర పెరుగుతుంది. అయితే ఆ నలుగురిలో ఒకడు మన బర్రె కోసం కాక మన బ్యాంకు ఖాతా కోసం వచ్చినవాడై ఉండవచ్చును.

నిజమైన బేరగాడు ఎన్నో ఈత అని అడుగుతాడు. పూటకు ఎన్ని లీటర్లు, నాలుగు చన్నులూ సరిగా వస్తున్నవా, తన్నుతుందా అని అడుగుతాడు. రెండు పూటలు పక్కన నిలబడి పాలు పిండించి చూస్తేగాని జేబులో చెయ్యి పెట్టడు. మిర్యాలగూడ మిల్లులో తవుడు కొనాలన్నా మనము గుప్పెట పట్టి చూస్తాము గదా! వంకలు పెట్టేవాడిని చూసి విసుక్కోకండి.

ఒక సభ్యురాలి ఇంట జరిగినది చెబుతాము. పేరు, ఊరు అక్కరలేదు. ఖాతా తల్లిది, ఫోను కొడుకు చేతిలో ఉన్నది. బర్రెకు డెబ్బై వేలు, డెబ్బై రెండు వేలు అని బేరం నడుస్తుండగా ఒకడు ఒక్కసారిగా తొంభై వేలన్నాడు. ఈత అడగలేదు, పాలు అడగలేదు. మిలిటరీలో పని అని కార్డు ఫోటో పంపాడు. కోదాడ హైవే మీదికి మా బండి వస్తుందన్నాడు. బయానా పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. అబ్బాయి కొట్టాడు. రావలసిన పైసలు రాలేదు, ఖాతాలో ఉన్నవి పోయినవి. పొరపాటు జరిగింది, మళ్లీ కొడితే రెండూ కలిపి వస్తాయంటే మళ్లీ కొట్టాడు. పోయినదానిలో ఆ పక్షం పాల బిల్లు కూడా ఉన్నది. మూడు రోజులదాకా తల్లికి చెప్పలేదు.

అబ్బాయి తెలివి తక్కువవాడు కాడు. పూర్వం పాల బిల్లు తీసుకునేటప్పుడు మనము సంతకమో, వేలిముద్రో వేసేవారము. డబ్బు తీసుకోవడానికి కూడా ఏదో ఒకటి నొక్కవలసి ఉంటుందనే అలవాటు అక్కడిది. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో పిన్ అటువంటిది కాదు. అది బ్యాంకులో డబ్బు తీసే చీటీ మీద పెట్టే సంతకం వంటిది. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టే పని లేదు, స్కాన్ చేసే పని అంతకన్నా లేదు.

మరొక రకము ఉన్నది. నాలుగు వేలు పంపబోయి నలభై వేలు పంపాను, మిగతాది తిరిగి పంపమని ఏడుస్తాడు. ఫోనుకు మెసేజీ కూడా వచ్చి ఉంటుంది. ఆ మెసేజీ వాడే పంపినది కావచ్చు. ఖాతాలో నిల్వ చూసుకొని మాట్లాడండి.

సూర్యాపేట మార్కెట్ యార్డులో ఈ-నామ్ పద్ధతిలో వేలం కంప్యూటరు మీదనే జరుగుతుంది, మరి అక్కడ భయం లేదే అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. అక్కడ ధర వేసే వ్యాపారికి లైసెన్సు ఉన్నది, సరుకు యార్డులో ఉన్నది, అడగడానికి మార్కెట్ కమిటీ ఉన్నది. ఫోనులో బేరగాడికి ఇవేమీ లేవు.

అందుచేత మేము చెప్పేది ఒకటే పద్ధతి. ఎంత ధర పెట్టినా సరే, పాలు పోసే వేళకు మన సంఘం కేంద్రానికి రమ్మనండి. అక్కడే పాలు కొలిచి, వెన్న పరీక్ష చేయించి చూపండి. చెవి పోగు మీది పన్నెండు అంకెల నెంబరు చూసుకోమనండి. నిజంగా కొనేవాడికి ఇంతకంటె కావలసినదేమున్నది? మోసగాడు మాత్రం రాడు, తొందరపెడతాడు. పైకం ఖాతాలో పడినదని మీరు చూసుకున్న తరువాతనే పలుపు చేతికివ్వండి.

పొరపాటు జరిగితే సిగ్గుపడి దాచవద్దు. దొంగ సొమ్ము ఒక ఖాతానుండి మరొక ఖాతాకు నిమిషాల మీద పోతుంది. వెంటనే 1930 నెంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు తెలిపితే దానిని దారిలో ఆపడానికి వీలుంటుంది. మూడు రోజులు ఆగితే ఆ వీలు చాలావరకు పోతుంది. కార్యదర్శులు ఆ నెంబరును ఈ వారంలోనే పాల కేంద్రం గోడ మీద, రేట్ల బోర్డు పక్కన, పెద్ద అక్షరాలతో రాయించగలరు.